పలకలక్క లోపలి జేబు

పలకలక్కను కొత్తగా కలిసినవాళ్ళు ముందు ఆమె చేతుల్ని చూస్తారు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె బొటనవేలూ చూపుడువేలూ ఏదో సన్నటి వస్తువును అంచులతో పట్టుకున్నట్టే ఉంటాయి. ముప్పై ఒక్కేళ్ళుగా రెండు వేళ్ళ వెడల్పు గాజు పలకల్ని అలా పట్టుకుని పట్టుకుని వేళ్ళకు అదే అలవాటైపోయింది. ఇంట్లో ఎవరైనా కంచం అందించినా అంచులే పట్టుకుంటుంది, మధ్యలో వేలు పడితే ఎక్కడ మచ్చ పడుతుందోనని.

ఆ పట్టు తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. చిన్నప్పుడు ఆమెకు బొమ్మలు ఇవ్వలేదు గానీ గీతలు పడ్డ అద్దాలు బోలెడు ఇచ్చాడు. గాజును తుడవడమంటే రుద్దడం కాదనీ, అద్దం మీద దుమ్మును ఊదితే నోటి తుంపర పడుతుందనీ, శుభ్రంగా ఉందని నమ్మకం కుదిరాక కూడా ఇంకోసారి వెలుగులో చూడాలనీ ఆమెకు ఏడేళ్ళ వయసులోనే తెలుసు. ఇరవై రెండేళ్ళప్పుడు విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల సహాయకురాలి ఉద్యోగానికి వెళ్తే, అక్కడి ప్రొఫెసరు ఒక గాజు పలక చేతికిచ్చి "దీన్ని శుభ్రం చెయ్యమ్మా" అన్నాడట. ఈమె దాన్ని వెలుగుకెత్తి చూసి, "ఇది శుభ్రం చేసినా లాభం లేదు సార్, గీత ఉంది" అందట. ఉద్యోగం అక్కడే ఖాయమైంది.

ఆ ప్రయోగశాలలో జరిగే పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఈ కథ నడవదు. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఒక పొర ఉంటుంది. కొవ్వు జాతికి చెందిన అణువులు పక్కపక్కన నిలబడితే ఆ పొర తయారవుతుంది. ఒక్కో అణువుకూ నీళ్ళంటే ఇష్టపడే తల ఒకటి, నీళ్ళంటే గిట్టని తోకలు రెండు. తలలు నీళ్ళవైపు పెట్టి, తోకలు లోపల దాచుకుని, రెండు వరసలుగా నిలుచుంటాయి. చదువుకున్నవాళ్ళు దీన్ని ఫాస్ఫోలిపిడ్ పొర అంటారు. పలకలక్క మాత్రం మొదటిరోజు నుంచీ "కొవ్వు" అనే అంటుంది, ప్రొఫెసరు గారి ఎదుట కూడా.

ఈ అణువులు వరసలో నిలబడ్డాక బుద్ధిగా ఉంటాయనుకుంటే పొరపాటే. తమ చుట్టూ తాము గిర్రున తిరుగుతాయి. తోకలు ఆడిస్తాయి. పక్కదానితో చోటు మార్చుకుంటాయి, అదీ సెకనుకు లక్షలసార్లు. ఇంత అల్లరి చేస్తూ కూడా వరస మాత్రం తప్పవు. ఎంత కదులుతున్నాయి, ఎంత వరసగా ఉన్నాయి అన్నది కొలవడమే ప్రొఫెసరు గారి జీవితం మొత్తం. అది కొలవడానికి గది అంత అయస్కాంతం మిషను ఒకటుంది. ఆ మిషను నోట్లో పెట్టే పలక తయారు చేయడం పలకలక్క పని.

గాజు పలక మీద కొవ్వు ద్రావణాన్ని పల్చగా పరిచి ఆరబెడుతుంది. ఆరిన పూతకు తడిగాలి పట్టిస్తుంది. పైన ఇంకో పలక మూసి, ఒక్క పిసరు పక్కకు జరిపి నొక్కుతుంది. ఆ రెండు గాజుల మధ్య వేలకొద్దీ పొరలు కాగితాల కట్టలా ఒకదానిమీద ఒకటి చదునుగా పడుకోవాలి. పడుకున్నాయో లేదో చూడటానికి మిషను పక్కనే ఒక మైక్రోస్కోపు ఉంది. అందులో వెలుగును అడ్డుకునే రెండు ప్రత్యేకమైన అద్దాలుంటాయి. పొరలన్నీ చక్కగా చదునుగా ఉంటే ఆ అద్దాలగుండా ఏ వెలుగూ రాదు, అంతా చిమ్మచీకటి. ఎక్కడైనా పొరలు వంకర తిరిగితే అక్కడ రంగులు పుట్టుకొస్తాయి. ఎరుపూ, నీలం, పసుపూ కలిసి కళ్ళు చెదిరిపోతాయి. చీకటి కనబడితే పలక మిషనుకు, రంగులు కనబడితే చెత్తబుట్టకు.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి విశ్వవిద్యాలయంవాళ్ళు అందరి ఇళ్ళవాళ్ళనూ పిలిచి ప్రయోగశాలలు చూపించారు. పలకలక్క భర్త దర్జీ. కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. మైక్రోస్కోపులో కన్నుపెట్టి, "ఎంత బాగుందే, నెమలి పింఛంలా ఉంది, ఇది నువ్వే చేశావా" అని మురిసిపోయాడు. అది పొద్దున ఆమె పాడుచేసిన పలక. మంచి పలక పెట్టేలోగా తలుపులు మూసే వేళయింది. అందరి ముందూ తన భర్త తన తప్పును మెచ్చుకున్నాడని ఆమె రెండు రోజులు ముభావంగా తిరిగింది. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు, ఆమె చెప్పనూ లేదు.

అయితే ఆయన ఊరికే మెచ్చుకునే రకం కాదు. అప్పట్లో పలకలు చేసే గది ఒక భవనంలో, అయస్కాంతం ఇంకో భవనంలో ఉండేవి. మధ్యలో క్రీడామైదానం, గ్రంథాలయం, మెట్లు. నడిస్తే అరగంట పైమాటే. దారిలో ఆమెను పలకరించనివాళ్ళు లేరు కాబట్టి ముప్పావుగంట. పలకలను తడి దూదితో సహా ఒక సబ్బుపెట్టెలో పెట్టి చేత్తో పట్టుకెళ్ళేది. రెండుసార్లు మెట్ల మీద జారి పగిలాయి. అది విని భర్త ఆమె తెల్లకోటు తీసుకుని, లోపలివైపు ఎడమ పక్కటెముకల దగ్గర, మెత్తటి ఫ్లానెల్ గుడ్డతో సరిగ్గా సబ్బుపెట్టె పట్టేంత జేబు కుట్టిపెట్టాడు. ఆ తర్వాత కోట్లు మూడు మారాయి. ప్రతి కోటుకూ ఆ జేబు కుట్టడం ఆయన వంతు. ఆ జేబు వచ్చాక ఒక్క పలక పగిలితే ఒట్టు.

అలా ముప్పై ఏళ్ళు గడిచాయి. ఆమె చేసిన పది పలకల్లో తొమ్మిది చీకట్లే. వేరే ప్రయోగశాలలవాళ్ళు నేర్చుకుందామని వచ్చి, ఆమె చేసినట్టే చేసి, రంగులు చూసుకుని వెళ్ళిపోయేవారు. "అది చేతిలో ఉండాలి" అనేవాడు ప్రొఫెసరు గారు. పలకలక్కకు ఆ మాట విన్నరోజు ఇంటికి వెళ్ళేదాకా కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

పోయిన ఏడాది కొత్త భవనం వచ్చింది. గాజు తలుపులు, తెల్లటి గోడలు, ప్రతి గదిలోనూ చలి. అన్నిటికంటే గొప్ప సంగతి, పలకల గదీ అయస్కాంతం గదీ ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో పన్నెండు అడుగులు. "ఇక మీకు ఎండలో నడిచే బాధ తప్పింది" అని ప్రొఫెసరు గారు సంబరపడ్డాడు. అందరికీ కొత్త కోట్లు కూడా ఇచ్చారు. వాటికి బయట ఒక జేబు ఉంది, పెన్ను పెట్టుకోవడానికి. ఇక నడకే లేదు గనుక లోపలి జేబు కుట్టమని పలకలక్క భర్తను అడగలేదు.

కొత్త భవనంలో ఆమె చేసిన మొదటి పలక పెట్టి చూస్తే రంగులు. రెండోది రంగులు. వారం తిరిగేసరికి చెత్తబుట్ట నిండింది.

మొదట కొవ్వును అనుమానించారు, కొత్త సీసా తెప్పించారు. నీళ్ళను అనుమానించారు, మార్చారు. గాజును అనుమానించారు. మూడు నెలలు పోయాక అనుమానించడానికి ఇంకేమీ మిగల్లేదు, పలకలక్క చేతులు తప్ప. ఆ మాట ఎవరూ ఆమె ముఖాన అనలేదు. కానీ ఒకరోజు ప్రొఫెసరు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "స్టోర్స్‌లో ఒక మనిషి కావాలంటున్నారమ్మా. కూర్చుని చేసే పని. నెలాఖరుకు మారితే మీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుంది" అన్నాడు.

"నేను అడిగానా సార్ విశ్రాంతి?" అంది పలకలక్క.

ఆయన కిటికీలోంచి చూపు తిప్పలేదు. పాపం, ఆయనకూ మరో దారి కనబడలేదు. ఆయన దగ్గర ఆఖరుగా చేరిన పరిశోధకురాలు ఒకమ్మాయి ఉంది. అందరూ ఆమెను చివరిపిల్ల అంటారు. ఇంకో ఆరు మంచి పలకలు దొరక్క ఆమె పట్టా ఆగిపోయి ఉంది. రోజూ మైక్రోస్కోపు దగ్గర నిలబడి, పలకలక్క నొచ్చుకోకుండా "రేపు వస్తాయిలే అక్కా" అనేది. ఆ ఓదార్పు పలకలక్కకు తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకునేది.

ఇంట్లో ఆమె చేతులు చాపి దీపం వెలుగులో చూసుకోవడం మొదలుపెట్టింది. వణుకుతున్నాయా అని. వణకడం లేదు. అయినా నమ్మకం కుదరలేదు. యాభై మూడేళ్ళకే చేతులు మొద్దుబారితే తన దగ్గర ఇంకేముంది అనుకుంటే ఏడుపొచ్చేది. భర్త అది చూసి, సూదీ దారం తెచ్చి ఒళ్ళో పెట్టి, "ఇది ఎక్కించు" అన్నాడు. ఒక్కసారికే ఎక్కించింది.

"నీ చేతులకేం కాలేదు. ఇంకేదో అయింది" అన్నాడాయన, మళ్ళీ తన కుట్టుమిషను వైపు తిరుగుతూ.

నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఆ బుధవారం కొత్త కోటు ఉతుకులో ఉంటే పాత కోటు తొడుక్కుని వెళ్ళింది. ఒక పలక పూర్తి చేసి సబ్బుపెట్టెలో పెట్టిందో లేదో, భవనమంతా గంటలు గణగణా మోగాయి. అగ్నిప్రమాదం వస్తే ఎలా పరిగెత్తాలో నేర్పే కసరత్తు. పెట్టెను బల్లమీద వదిలేయాలని రూలు. ముప్పై ఏళ్ళ అలవాటు రూలు వింటుందా, చెయ్యి తనంతట తనే పెట్టెను లోపలి జేబులో దోపింది. అందరూ బయట చెట్ల కింద నిలబడ్డారు. భద్రతా అధికారి మనుషుల్ని లెక్కపెట్టాడు. ఒకరు తక్కువొచ్చారు. మళ్ళీ లెక్కపెట్టాడు, ఇద్దరు ఎక్కువొచ్చారు. మూడోసారి సరిపోయేసరికి గంట గడిచింది. ఆ గంటసేపూ పలకలక్క ఒకచోట నిలవలేక, విసుగ్గా, భవనం చుట్టూ పచార్లు చేసింది.

లోపలికి వచ్చాక చివరిపిల్ల, "అది పారేయండక్కా, అంతసేపు కదిలాక ఇంకేం బాగుంటుంది" అంది.

"పారేసే ముందు చూస్తే పోయేదేముంది" అని పలకలక్క మైక్రోస్కోపు కింద పెట్టింది. చీకటి. దీపం మాడిపోయిందేమోనని నిన్నటి చెడిపోయిన పలక పెట్టి చూసింది. రంగులే రంగులు. మళ్ళీ ఇవాళ్టిది పెట్టింది. చిమ్మచీకటి. చివరిపిల్ల ఆమెను పక్కకు జరిపి తను చూసింది, పలకను కుడికి తిప్పి, ఎడమకు తిప్పి చూసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు గానీ, ఎందుకొచ్చిందో తెలియని ఆ చీకటి ఎక్కడ పారిపోతుందోనని ఇక పలకను కదపలేదు.

ఇంటికి వెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన దర్జీ కాబట్టి దేన్నయినా కుట్లు విప్పి చూస్తేగానీ నిద్రపట్టదు.

"ఇవాళ కొత్తగా ఏం చేశావు?" అన్నాడు.

"ఏం చెయ్యలేదు. రోజూ చేసినట్టే చేశాను."

"గంటసేపు బయట ఉన్నావు కదా. పెట్టె ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, మీ జేబులో."

ఆ మాట అన్నాక ఆమె చేతిలో మడతపెడుతున్న కోటు అలాగే ఆగిపోయింది. తిప్పి లోపలివైపు చూసింది. ఫ్లానెల్ గుడ్డ మీద చెయ్యి పెట్టింది. ముప్పై ఏళ్ళు ఒక్క పలక కూడా జేబులో ముప్పావుగంట నడవకుండా అయస్కాంతం దగ్గరికి వెళ్ళలేదు. కొత్త భవనంలో ఒక్క పలక కూడా నడవలేదు. చలిగదిలో పుట్టి, పన్నెండు అడుగులు వేసి, చలిగదిలోకి వెళ్ళింది. ఇది ఇన్నాళ్ళూ తోచలేదేమిటని తన నెత్తిన తానే ఒక్కటి వేసుకుంది.

మర్నాడు నాలుగు పలకలు చేసింది. రెండింటిని అలాగే చలిగదిలో ఉంచింది. రెండింటిని పాత కోటు జేబులో వేసుకుని భవనం చుట్టూ నడవడం మొదలుపెట్టింది. నడవడమంటే అలా ఇలా కాదు, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్ళలా చేతులూపుతూ. మూడో చుట్టుకు కిటికీల దగ్గర జనం చేరారు. ఆరో చుట్టుకు స్టోర్స్ మేనేజరు బయటికొచ్చి, "ఏమ్మా, మా దగ్గర చేరడం ఇష్టం లేకపోతే చెప్పొచ్చు కదా, ఇలా మొక్కుకోవడం ఎందుకు" అన్నాడు. పలకలక్క ఆగకుండానే, "ఇంకో మూడు చుట్లు, సార్, తర్వాత చెప్తాను" అంది.

నడిచిన రెండూ చీకట్లు. నడవని రెండూ రంగులు.

ప్రొఫెసరు గారు వచ్చి నాలుగింటినీ తన చేత్తో పెట్టి చూశాడు. పలకలక్క కోటు విప్పి జేబు చూపించింది. ఆయన ఆ ఫ్లానెల్ గుడ్డను తాకి, స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"ఈ కొవ్వు ఎన్ని డిగ్రీల దగ్గర మెత్తబడుతుందో తెలుసా?" అని చివరిపిల్లను అడిగాడు.

"ఇరవై నాలుగు సార్" అంది ఆమె.

"మన గది?"

"పంతొమ్మిది."

"మనిషి ఒళ్ళు?"

చివరిపిల్ల నవ్వేసింది. ప్రొఫెసరు గారు ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో చెప్పే పాఠమే ఇది. చలికాలంలో సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనెను చూపిస్తాడు. ఇరవై నాలుగుకు కింద తోకలు బిర్రబిగుసుకుని ఉంటాయి, ఏ అణువు ఎలా పడితే అలాగే ఇరుక్కుపోతుంది. ఆపైన కాస్త వెచ్చదనం తగిలితే తోకలు సడలి, ఊగి, తిరిగి, చోట్లు మార్చుకుని, ఆ కదలికలోనే సర్దుకుని వరసలోకి వస్తాయి. ఎలాగూ మిషనులో ముప్పై డిగ్రీలకు వేడి చేస్తాం కదా అని ఆయన ధీమా. కానీ రంగులు కనబడ్డ పలక మిషను దాకా వెళ్ళేదెక్కడ, చెత్తబుట్టలోకి కదా వెళ్ళింది. ముప్పై ఏళ్ళూ పలకలు బాగానే వచ్చాయి గనుక ఎందుకు బాగా వస్తున్నాయని ఆయన ఒక్కనాడూ అడగలేదు. బాగా రాకపోయాక మాత్రం ఆమె చేతుల్ని అడిగాడు.

"ఇంకోలా అనుకోకండమ్మా" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే సిగ్గు ఉంది. "నా పాఠం నాకే రాలేదు."

"పోనీలెండి సార్" అంది పలకలక్క. ఆమెకు ఆయన మీద కోపం కొంచెం కూడా మిగల్లేదు. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆకలేసింది, అంతే.

ఇక్కడితో అయిపోలేదు. చివరిపిల్ల మనిషి నడిస్తే కుదరదని, ముప్పై అయిదు డిగ్రీలుండే చిన్న వెచ్చని పెట్టె తెచ్చిపెట్టింది. అందులో ముప్పావుగంట పెట్టి మెల్లగా చల్లారిస్తే చాలు, జేబు అక్కర్లేదు. అది విని పలకలక్క గుండెలో ఎక్కడో చిన్న ముల్లు కదిలింది. అయితే తన చేతుల గొప్ప అంటూ ఏమీ లేదన్నమాట, అంతా వెచ్చదనమేనా అని. అడగలేదు గానీ ముఖంలో దాగలేదు. చివరిపిల్ల అది కనిపెట్టి, తను చేసిన పది పలకలూ, పలకలక్క చేసిన పదీ అదే పెట్టెలో పెట్టింది. పలకలక్కవి తొమ్మిది చీకట్లు. చివరిపిల్లవి నాలుగు.

"చూశారా అక్కా, పెట్టె అందరికీ ఒకటే. మిగతా అయిదూ మీ చేతులవే. నాకు నేర్పండి" అంది.

"ముందు గాజు తుడవడం నేర్చుకో. రుద్దుతున్నావు నువ్వు" అంది పలకలక్క. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. స్టోర్స్ కాగితం ప్రొఫెసరు గారు స్వయంగా ఆఫీసుకు నడిచివెళ్ళి వెనక్కి తెచ్చుకున్నాడు. వెచ్చని పెట్టె ఉన్నా రోజూ మొదటి పలకను మాత్రం పలకలక్క జేబులో వేసుకుని మైదానం చుట్టి వస్తుంది. కరెంటు పోతే ఏం చేస్తారని అడుగుతుంది. ఆ భవనంలో ఇంతవరకూ కరెంటు పోలేదు.

చివరిపిల్లకు పట్టా వచ్చినరోజు పలకలక్క తన భర్తను తీసుకెళ్ళింది. చివరిపిల్ల పుస్తకం తెరిచి కృతజ్ఞతల పేజీ చూపించింది. మొదట ప్రొఫెసరు గారు, తర్వాత పలకలక్క, ఆ కింద ఒక వరసలో, ఆమె కోటుకు లోపలి జేబు కుట్టిన దర్జీ గారికి, అని ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, రుద్ది మరీ. పలకలక్క చూసి కూడా ఏమీ అనలేదు.

తర్వాత ఆయన్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, ఆ పొద్దున చేసిన పలకను అంచులతో పట్టుకుని కింద పెట్టింది. ఆయన కన్ను పెట్టాడు.

"ఏమీ కనబడట్లేదే. అంతా చీకటి."

"సరిగ్గా చూడండి."

"చూస్తున్నా. చీకటే."

"అప్పుడు మీరు మెచ్చుకున్నది నా తప్పునండి" అంది ఆమె. "నా పని ఇది."

ఆయన కన్ను తియ్యలేదు. దుకాణంలో కొత్త తానును వెలుగుకెత్తి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూసేటప్పుడు ఎంతసేపు చూస్తాడో, అంతసేపు చూశాడు. పలకలక్క పక్కన నిలబడి, ఉద్యోగానికి వచ్చిన మొదటిరోజులా, ఆయన మాట కోసం ఎదురుచూసింది.

"ఎక్కడా ఒక్క పోగు తప్పలేదే" అన్నాడు.